గోదావరి మీద హేవ్‌లాక్, అల్మరాలో హేవ్‌లాక్

ఇంగ్లండ్‌లోని స్టోక్-ఆన్-ట్రెంట్ మనుషులకి ఒక అలవాటుంది. హోటల్లో కూర్చున్నా, పెళ్లి విందుకు వెళ్లినా, ముందు పళ్లెం తిరగేసి అడుగున ఏ ఫ్యాక్టరీ ముద్ర ఉందో చూస్తారు. అమ్మమ్మో, మేనత్తో, బాబాయో, ఇంట్లో ఎవరో ఒకరు అక్కడ పనిచేసి ఉంటారు మరి. మా ఆయన ఆసుపత్రి ఉద్యోగం కోసం 1984లో మేం ఆ ఊరు చేరాం. పాత మట్టి, పింగాణీ బొమ్మలు కూడబెట్టే నా పిచ్చి మొదలైంది అక్కడే. టన్‌స్టల్, బర్స్లెమ్, హాన్లీ, స్టోక్, ఫెంటన్, లాంగ్టన్ అనే ఆరు ఊళ్లు పక్కపక్కనే పెరిగి, 1910లో ఒకటిగా కలిసిపోయిన చోటది. మట్టి, పింగాణీ సామాన్ల ఫ్యాక్టరీలకి పేరుపడ్డ ఈ ఊళ్లన్నిటినీ కలిపి పాటరీస్ అంటారు. ఒకప్పుడు అక్కడ రెండు వేలకు పైగా సీసా ఆకారపు ఇటుక బట్టీలు ఉండేవి. 1956లో గాలి కాలుష్యం మీద చట్టం వచ్చాక బొగ్గు బట్టీలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఇప్పుడు యాభై లోపే మిగిలాయి.

మా పక్కింటి పెద్దావిడ లాంగ్టన్‌లో బోన్ చైనా, అంటే ఎముకల బూడిద కలిపి చేసే పింగాణీ, ఫ్యాక్టరీలో పెయింట్రెస్‌గా పనిచేసి రిటైరయ్యారు. కప్పుల మీద, బొమ్మల మీద చేత్తో రంగులు వేసే ఆడవాళ్లని అక్కడ అలా పిలుస్తారు. మా పిల్లలు ఆవిణ్ని 'నాన్', అంటే అమ్మమ్మ, అనేవారు. ఆవిడ నన్ను 'డక్' అనేవారు. ఆ ప్రాంతంలో బస్సు డ్రైవరైనా, కూరగాయలమ్మే ఆవిడైనా ఎదుటివాళ్లని ఆప్యాయంగా అలాగే పిలుస్తారు. ఆవిడ ఇంట్లో చలిమంట గూడు పైన అరుగు మీద రెండు తెల్ల కుక్క బొమ్మలు ఎదురెదురుగా కూర్చుని ఉండేవి. ఎర్రమట్టి రంగు చెవులు, మెడలో బంగారు గొలుసు, దానికో తాళం. విక్టోరియా రాణి చిన్నతనంలో డాష్ అనే స్పానియల్ కుక్కని పెంచుకుంది. ఆ జాతి మీద జనానికి మోజు పెరిగి, ఈ కుక్క బొమ్మలు ఇంగ్లండ్, స్కాట్లండ్‌లలో పేదవాళ్ల ఇళ్లలోకి కూడా వచ్చేశాయి. ఎప్పుడూ జంటగానే చేసేవారు. ఒంటి కుక్కకి ఇప్పటికీ సగం ధర కూడా రాదు.

అంతకు ముందు పింగాణీ బొమ్మ అంటే నాకు తెలిసింది సాలార్‌జంగ్ మ్యూజియమే. రాజమండ్రి నుంచి స్కూలు వాళ్లు హైదరాబాద్ తీసుకెళ్లినప్పుడు అద్దాల వెనక జర్మనీ నుంచి వచ్చిన డ్రెస్డెన్ పింగాణీ బొమ్మలు చూశాం. లేసు గౌన్లు, సన్నటి వేళ్లు, పూలబుట్టలు. అవన్నీ నవాబుల ఇళ్లకే చెందినవని మనసులో ముద్రపడిపోయింది. అందుకే పక్కింటి పెద్దావిడ "మా నానమ్మ గని కార్మికుడి భార్య, ఈ కుక్కలు ఆవిడవే" అన్నప్పుడు నా ఆసక్తంతా ఒక్కసారి ఇటు తిరిగింది. బొగ్గు గనిలో పనిచేసేవాడి ఇంట్లో కూడా అందం కోసం ఒక వస్తువు ఉండేదని, దాన్ని చేసినవాళ్లు కూడా అలాంటి ఇళ్ల నుంచే వచ్చారని అప్పుడే తెలిసింది. నేను ఇన్నేళ్లు ఈ బొమ్మల వెంట పడటానికి కారణం అదే. రాజుల ఇళ్ల వస్తువులు ఎలాగూ మ్యూజియాలకి చేరతాయి. పేదవాళ్ల ఇళ్లలోవి ఎవరో ఒకరు ఇష్టపడి దాస్తేనే మిగులుతాయి.

పాటరీస్ ఉన్న జిల్లా పేరుతో వీటిని స్టాఫర్డ్‌షైర్ బొమ్మలంటారు. సరిగ్గా చెప్పాలంటే వీటిలో ఎక్కువ భాగం అసలు పింగాణీ కాదు. తెల్లమట్టి కాల్చి, దానిమీద మెరుపు పూత పూసినవి. 1840ల నుంచి వీటిని వెనక భాగం చదునుగా ఉండేట్టు చేయడం మొదలుపెట్టారు. గోడకి ఆనించి పెట్టే బొమ్మకి వెనక ఆకారమెందుకు, రంగెందుకు అని. అలా చేస్తే అచ్చు రెండు ముక్కలతో సరిపోతుంది, రంగు ఖర్చు సగం తగ్గుతుంది. చపాతీలా ఒత్తిన మట్టిని రెండు ప్లాస్టర్ అచ్చుల్లోకి వేళ్లతో నొక్కి, అంచులకి పల్చటి మట్టి రాసి అతికేవారు. ఆరాక బట్టీలో కాల్చి, బొమ్మ తొడుక్కున్న కోటుకి కోబాల్ట్ నీలం వేయాల్సి ఉంటే ఆ దశలోనే వేసి, మెరుపు పూతలో ముంచి మళ్లీ కాల్చేవారు. తర్వాత మిగతా రంగులు, చివర బంగారం వేసి, తక్కువ వేడిలో ఇంకోసారి కాల్చేవారు.

ఈ పనిలో చిన్నపిల్లలు ఉండేవారు. ఈ సంగతి చెప్పకుండా బొమ్మల అందం గురించి మాట్లాడటం నాకు ఇష్టం ఉండదు. అచ్చులు మోసుకుని వేడి గదిలోకి, బయటికి రోజంతా పరిగెత్తే పనికి మగపిల్లల్ని పెట్టుకునేవారు. 1840ల మొదట్లో ప్రభుత్వ విచారణ సంఘం వచ్చి ఆ పిల్లల మాటలు రాసుకుపోయింది. అయినా ఫ్యాక్టరీ చట్టం పాటరీస్‌కి వర్తించడానికి 1864 దాకా పట్టింది. మెరుపు పూతలో సీసం ఉండేది. అందులో వస్తువులు ముంచే పనివాళ్లకి సీసపు విషం ఎక్కేది. మట్టి ధూళి పీల్చి ఊపిరితిత్తులు పాడైపోయేవి. మా ఆయన పనిచేసిన ఛాతీ వార్డులో, నేను చెబుతున్న రోజుల్లో కూడా, పాత కుమ్మరి పనివాళ్లు ఆక్సిజన్ పెట్టుకుని పడుకుని ఉండేవారు.

ఆదివారాలు తెల్లవారుజామునే లేచి కార్ బూట్ సేల్‌కి వెళ్లేదాన్ని. జనం ఇంట్లో అక్కర్లేని సామాన్లు కార్ల డిక్కీల్లో తెచ్చి మైదానంలో పరుచుకుని అమ్ముకునే సంత అది. మొట్టమొదట కొన్నది గొర్రెపిల్లని ఎత్తుకున్న కుర్రాడి బొమ్మ. ఇంటికి తెచ్చి పెద్దావిడకి చూపిస్తే, ముందు అడుగున వేలు పెట్టి చూశారు. చేత్తో నొక్కి చేసిన పాత బొమ్మకి గాలి పోవడానికి సూది మొనంత రంధ్రమే ఉంటుంది. పల్చటి మట్టిని అచ్చులో పోసి చేసే తర్వాతి కాలపు బొమ్మకి ఆ రంధ్రం పెద్దగా ఉంటుంది, బొమ్మ తేలిగ్గా ఉంటుంది. పాత బొమ్మ నుంచి అచ్చు తీసి చేసిన నకలు అసలు దానికంటే కాస్త చిన్నదవుతుంది, ఎందుకంటే కాల్చినప్పుడు మట్టి కుంచించుకుపోతుంది. ముక్కు, వేళ్ల గీతలు మొద్దుబారిపోతాయి. బంగారం కూడా తేడా చెబుతుంది. పాతది మెత్తగా, కాస్త అరిగి, వెచ్చటి రంగులో ఉంటుంది. 1870ల తర్వాత వాడకంలోకి వచ్చిన ద్రవ బంగారం ఇత్తడిలా తళతళలాడుతుంది. మెరుపు మీద పగుళ్లకి టీ నీళ్లు పట్టించి పాతదని అమ్మేవాళ్లు ఉంటారు. ఆ మరకలు మరీ సమంగా ఉంటాయి కాబట్టి పట్టేయొచ్చు.

ఇవన్నీ పుస్తకాల్లో దొరికేవే. పెద్దావిడ నేర్పింది వేరు. "కనుబొమ్మలు చూడు డక్" అనేవారు. రోజుకి డజన్ల లెక్కన రంగులు వేసే మనిషి కనుబొమ్మని ఒక్క విసురులో గీస్తుంది, మళ్లీ దిద్దదు. మొదలు లావుగా ఉండి చివర సన్నబడుతుంది. నకలు చేసేవాడు అదే గీతని చూసి జాగ్రత్తగా దించుతాడు, అందుకని ఆ గీత మొదటి నుంచి చివరి దాకా ఒకే లావులో ఉంటుంది. ఆవిడ కుర్చీలో కూర్చుని, మోచెయ్యి చెక్క మీద ఆనించి, కుంచె లేకుండానే గాల్లో ఆ విసురు చూపించేవారు. ఆ చెయ్యి ముప్పై ఏళ్లకి పైగా ముక్కకింత కూలీ మీద పనిచేసింది. ఏ ప్రొఫెసర్ దగ్గరా ఆ చదువు దొరకదని నా నమ్మకం.

అచ్చమైన పింగాణీ కావాలంటే విక్టోరియా కాలంలో రెండు రకాలు నాకు ఇష్టం. ఒకటి పేరియన్. 1840ల్లో కోప్‌లండ్, మింటన్ కంపెనీలు తయారుచేసిన, మెరుపు పూత లేని, పాలరాయిలా కనిపించే తెల్ల పింగాణీ. పెద్ద శిల్పాలకి కొలత తగ్గించే యంత్రంతో చిన్న నకళ్లు తీసి, మధ్యతరగతి డ్రాయింగ్ రూముల కోసం అమ్మేవారు. 1842 నుంచి 1883 దాకా రిజిస్టర్ చేసిన డిజైన్లకి అడుగున డైమండ్ ఆకారపు ముద్ర ఉంటుంది. దాని మూలల్లోని అక్షరాలు చదివితే ఆ డిజైన్ రిజిస్టరైన రోజు కూడా తెలుస్తుంది. పేరియన్ బొమ్మలు చూడ్డానికి గొప్పగా ఉంటాయి కానీ, నిజం చెప్పాలంటే వాటితో నాకు చనువు కుదరలేదు. రెండోది ఫెయిరింగ్స్. తిరనాళ్లలో బహుమతిగా ఇచ్చే అరచేతిలో పట్టే పింగాణీ బొమ్మలు. ఇంగ్లండ్ జనం కోసం జర్మనీలో పోస్‌నెక్ అనే ఊళ్లో కాంటా అండ్ బోమె కంపెనీ చేసి పంపేది. పీఠం మీద ఇంగ్లిష్‌లో ఒక హాస్యం రాసి ఉండేది. మొగుడూ పెళ్లామూ రాత్రి చొక్కాల్లో మంచం మీదకి ఎగబడుతుంటే, చివర ఎక్కినవాళ్లు దీపం ఆర్పాలన్న బొమ్మ అన్నిటికంటే ప్రసిద్ధం. మా అమ్మాయికి ఇవంటే ప్రాణం.

ఇక హేవ్‌లాక్ సంగతి.

1989లో స్టాఫర్డ్‌లో బింగ్లీ హాల్ అనే పెద్ద షెడ్డులో జరిగే పాత వస్తువుల సంతలో, ఒక బల్ల మీద సైనిక దుస్తుల్లో ఉన్న మనిషి బొమ్మ కనిపించింది. పీఠం మీద హేవ్‌లాక్ అని పేరు. నేను ఆగిపోయాను. రాజమండ్రిలో పుట్టిన ఎవరైనా ఆగిపోతారు. నా చిన్నతనమంతా గోదావరి మీద రైలు వెళ్లింది హేవ్‌లాక్ వంతెన మీదే. రైల్లోంచి నదిలోకి రాగి పైసలు వేసి దణ్ణం పెట్టుకున్నది అక్కడే. అమ్మే ఆయన బొమ్మని అతినీలలోహిత దీపం కింద పెట్టి, మెడ దగ్గర విరిగి అతికించిన చోటు వేరే రంగులో మెరవడం తనే చూపించాడు. ఆ నిజాయితీ నచ్చింది. 120 పౌండ్లు ఇచ్చి తెచ్చుకున్నాను.

ఆ మరుసటి వేసవిలో నాన్నగారు వచ్చారు. హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. అల్మరా ముందు నిలబడి ఒక్కొక్క బొమ్మా చూసుకుంటూ వచ్చి, హేవ్‌లాక్ దగ్గర ఆగారు. "ఈయన మన వంతెన హేవ్‌లాక్ కాదమ్మా" అన్నారు. వంతెనకి పేరిచ్చినాయన ఆర్థర్ హేవ్‌లాక్, 1896 నుంచి 1900 దాకా మద్రాసు గవర్నరు. వంతెన పని మొదలైంది 1897లో, రైళ్లు నడిచింది 1900లో. బొమ్మలో ఉన్నది హెన్రీ హేవ్‌లాక్. ఆర్థర్‌కి స్వయానా చిన్నాన్న. 1857లో కాన్పూరుని తిరిగి పట్టుకుని, లక్నో దాకా వెళ్లి, అదే నవంబరులో అక్కడే జిగట విరేచనాలతో చనిపోయిన జనరల్. బ్రిటన్ అంతా అతన్ని వీరుడని కొలిచింది. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో విగ్రహం పెట్టారు, ఊళ్లలో వీధులకి పేరు పెట్టారు. పాటరీస్ కుమ్మరులు బొమ్మలు చేసి అమ్ముకున్నారు.

చెప్పడం అయ్యాక నాన్నగారు కుర్చీలో కూర్చున్నారు. "మద్రాసు మౌంట్ రోడ్డులో నీల్ విగ్రహం ఉండేది. ఈ హేవ్‌లాక్‌తో పాటే లక్నో మీదకి వెళ్లి, అక్కడే చచ్చిపోయాడు. అలహాబాదులో, కాన్పూరులో వాడు చేసిన ఘోరాలకి లెక్కలేదు. ఆ విగ్రహం తీయించడానికి 1927లో సత్యాగ్రహం చేసి జనం జైళ్లకి వెళ్లారు. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు, 1937లో తీసి మ్యూజియంలో పెట్టారు. నువ్వేమో డబ్బిచ్చి కొనుక్కుని ఇంట్లో పెట్టుకున్నావు" అన్నారు. గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే కాఫీ తాగుతూ నేను అనుకున్నది చెప్పాను. నడిబొడ్డున విగ్రహం పెట్టినవాడు, తలెత్తి చూడమని జనాన్ని శాసిస్తాడు. ఈ బొమ్మ అలాంటిది కాదు. బట్టీ పొగలో బతికిన మనుషులు చేసి, తమలాంటి వాళ్లకే అమ్మిన వస్తువిది. కాన్పూరు ఎక్కడుందో కూడా తెలియని ఇంట్లో, ఏ పత్రిక చదివో, ఏ ప్రసంగం వినో, ఈయన్ని దేవుడి పక్కన పెట్టుకున్నారు. సామ్రాజ్యం ఒక్క సైన్యంతోనే నడవలేదు, ఇలాంటి వంటింటి అరుగుల మీద కూడా నిలబడిందని నాకు ఈ బొమ్మ చెప్పినంత గట్టిగా ఏ పాఠమూ చెప్పలేదు. పారేస్తే ఆ సాక్ష్యం పోతుంది.

నాన్నగారు వెంటనే ఏమీ అనలేదు. తర్వాత హాన్లీ మ్యూజియంకి తీసుకెళ్లమన్నారు. అక్కడ వరసలు వరసలుగా ఉన్న స్టాఫర్డ్‌షైర్ బొమ్మల్ని నోటు పుస్తకం పట్టుకుని చూశారు. క్రిమియా యుద్ధం, ఇటలీ వీరుడు గారిబాల్డీ, రాణీగారి పెళ్లి. స్టాఫర్డ్ జైలు ముందు 1856లో ఉరితీసిన డాక్టర్ పామర్ అనే విషప్రయోగం చేసిన హంతకుడికి కూడా పాటరీస్‌లో బొమ్మ చేశారని చదివి, "వార్తాపత్రిక చదవలేనివాళ్లకి ఇదే వార్తాపత్రికన్న మాట" అన్నారు. 'హైలాండ్ జెస్సీ' గురించి విన్నప్పుడైతే ఆయన ముఖంలో మాస్టారు తిరిగొచ్చారు. లక్నో ముట్టడిలో జెస్సీ అనే స్కాటిష్ సిపాయి భార్య, ఎవరికీ వినపడని దూరంలో వస్తున్న సైన్యపు బ్యాగ్‌పైపుల మోత తనకి వినిపించిందని చెప్పి అందరికీ ధైర్యమిచ్చిందట. పత్రికలు రాశాయి, పాటలు కట్టారు, నాటకం ఆడారు, బొమ్మ చేశారు. అదంతా కట్టుకథ. తర్వాత తేలిపోయింది. కానీ బొమ్మలు అప్పటికే అమ్ముడుపోయాయి. "ఆ బొమ్మ కూడా సంపాదించు" అన్నారు నాన్నగారు. "రెండూ పక్కపక్కన పెట్టు. ఒకటి జరిగింది, ఒకటి జరగనిది. రెండిటినీ జనం ఒకేలా నమ్మారు."

తిరిగి వెళ్లేముందు ఒకే ఒక్క షరతు పెట్టారు. "ఉంచుకో. కానీ మన కొలువులో మాత్రం పెట్టకు."

దసరాకి స్టోక్‌లో నేను పెట్టే బొమ్మల కొలువు గురించి ఆ మాట. మెట్ల మీద పై వరసల్లో దేవుళ్లు, కొండపల్లి దశావతారాలు, ఏటికొప్పాక లక్క బొమ్మలు. కింది మెట్ల మీద గొర్రెపిల్ల కుర్రాడు, పాలమ్మాయి, ఫెయిరింగ్స్ జంట, కుక్కలు. చుట్టుపక్కల తెలుగు డాక్టర్ల ఇళ్ల ఆడవాళ్లందరూ పేరంటానికి వచ్చేవారు. పక్కింటి పెద్దావిడ ప్రతి ఏడూ మంచి గౌను వేసుకుని వచ్చి, పసుపు రాయించుకుని, శనగలు ఇష్టంగా తినేవారు. ఒక ఏడు కొండపల్లి మత్స్యావతారాన్ని చేతిలోకి తీసుకుని, ఇంత తేలిగ్గా ఉందేమిటని అడిగారు. అది పొణికి చెక్క అని, ముక్కల్ని చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారని చెప్పాను. ఆవిడ ముఖం దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, "ఈ కన్ను వేసిన మనిషికి కూడా ముక్కకింత అనే కూలీ" అన్నారు. నిజమే అయ్యుండాలి.

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. కుక్కల జంట ఆవిడ మనవరాలి ఇంట్లో ఉంది, ఉండాల్సింది అక్కడే. 1997లో గోదావరి హేవ్‌లాక్ వంతెన మీద రైళ్లు ఆగిపోయినప్పుడు నాన్నగారు ఉత్తరం రాశారు. అందులో సగం వంతెన గురించి, సగం నా అల్మరా గురించి. పాటరీస్‌లో కూడా పేరున్న పింగాణీ కంపెనీలు ఒక్కొక్కటే మూతపడుతూ వచ్చాయి. బర్స్లెమ్‌లో నైల్ స్ట్రీట్ డౌల్టన్ ఫ్యాక్టరీ 2005లో మూసేశారు, 2008లో స్పోడ్ దివాలా తీసింది, మరుసటి ఏడాది మొదట్లోనే వెడ్జ్‌వుడ్. ఆ వార్త వచ్చిన వారం మా వీధిలో ఎవరి ముఖంలోనూ కళ లేదు. కొత్త తరానికి ఇళ్లలో బొమ్మలు పెట్టుకునే ఇష్టం తగ్గి, పాత బొమ్మల ధరలు కూడా బాగా పడిపోయాయి. అమ్ముకునేవాళ్లకి కష్టమే కానీ, ఇష్టంతో మొదలుపెట్టాలనుకునేవాళ్లకి ఇంతకంటే మంచి సమయం ఉండదు. ఒకప్పుడు నేను దూరం నుంచి చూసి వదిలేసినవి ఇప్పుడు మామూలు ఉద్యోగస్తుల చేతికి అందుతున్నాయి.

జెస్సీ దొరికింది. హేవ్‌లాక్ పక్కనే ఉంది. మా అమ్మాయి బర్మింగ్‌హామ్‌లో స్కూల్లో చరిత్ర చెబుతుంది. 1857 పాఠం వచ్చినప్పుడల్లా ఇద్దర్నీ తువ్వాళ్లలో చుట్టి తీసుకెళ్లి పిల్లల చేతుల్లో పెడుతుంది. పగిలిపోతాయేమోనని నాకు టెన్షన్, కానీ అద్దం వెనక పెట్టి చూపిస్తే ప్రయోజనం లేదని అది ఒప్పుకోదు. నేనిప్పుడు వెతుకుతున్నది కోలిన్ కాంప్‌బెల్ బొమ్మ. లక్నో ముట్టడిలో చిక్కుకున్నవాళ్లని బయటికి తేవడం హేవ్‌లాక్ వల్ల కాకపోతే, 1857 నవంబరులో వచ్చి ఆ పని పూర్తిచేసిన జనరల్. పాటరీస్ వాళ్లు అతన్ని కూడా వదల్లేదు. విరిగి అతికించినదైనా ఫర్వాలేదు, బంగారం మొత్తం అరిగిపోయినదైనా తీసుకుంటాను. అచ్చులో పోత పోసిన కొత్తది మాత్రం వద్దు.